రెండో బ్రేకు

బీమా కంపెనీ కవరు వచ్చిన రోజు నాన్న పాఠం చెప్పడానికి వెళ్ళి ఉన్నాడు. కవరు అమ్మ చేతికి వచ్చింది. అమ్మకు అక్షరాలు కూడబలుక్కుంటే గానీ రావు. అంకెలు మాత్రం ఎంత పొడుగువైనా గడగడా చదివేస్తుంది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆ కాగితాన్ని బల్ల మీద పరిచి, ఎగిరిపోకుండా ఉప్పు డబ్బా పెట్టి, దాని ఎదురుగా కూర్చుని ఉంది.

"ఇందులో సున్నా ఒకటి ఎక్కువ పడిందేమో చూడవే," అంది.

సున్నాలు సరిగ్గానే ఉన్నాయి. వాటి ముందున్న అంకెలే మారాయి. పోయిన ఏడాది కట్టినదానికి అది రెండున్నర రెట్లు. కట్టడానికి గడువు తొమ్మిది రోజులు.

"కారు ముసలిదవుతుంటే బీమా తగ్గాలి గానీ పెరగడమేమిటే? మనిషి చిక్కిపోతుంటే చొక్కాకి గుడ్డ ఎక్కువ పట్టిందన్నట్టుంది," అంది అమ్మ.

మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనొక్కదాన్నే. అందుకని గుమ్మం దాటి లోపలికి వచ్చే ప్రతి కాగితమూ నా చేతుల మీదుగానే పోతుంది. నాన్న ఐదో తరగతితో బడి మానేశాడు. కారు నడపడం ఎవరూ నేర్పకుండానే నేర్చుకుని, ఇరవై ఆరేళ్ళుగా ఊళ్ళోవాళ్ళకు నేర్పుతున్నాడు. మా కారుకు పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చు ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు కంగారుపడి కాలు ఎక్కడ పెట్టినా, నాన్న కాలు అప్పటికే ఆ రెండో బ్రేకు మీద ఉంటుంది. అందుకే వీధిలో అందరూ ఆయన్ని బ్రేకు మాస్టారంటారు. కోపమొచ్చినప్పుడు అమ్మా అలాగే పిలుస్తుంది.

ఆ ఇరవై ఆరేళ్ళలో ఒక్క ప్రమాదం లేదు. ఏటా వచ్చే రెన్యువల్ కాగితంలో 'క్లెయిములు: లేవు' అని ఒక వరుస ఉండేది. నాన్న దాన్ని నాచేత పైకి చదివించుకుని "ఊ" అనేవాడు. నేను డిగ్రీ పట్టా తెచ్చి చేతిలో పెట్టిన రోజు కూడా అలాగే "ఊ" అన్నాడు. ఆయన సంతోషం అంతవరకే పైకి వస్తుంది.

ఏడు నెలల కిందట ఆ వరుస చెడింది. తప్పు నాన్నది కాదు. ఉదయం పూట, నాలుగు రోడ్ల కూడలిలో ఎర్ర దీపం దగ్గర మా కారు ఆగి ఉంది. స్టీరింగ్ చక్రం ముందు, నాన్న దగ్గర నేర్చుకుంటున్న టైలరమ్మ ఉంది. ఆవిడకు యాభై దాటాయి. లైసెన్సు పరీక్షలో ఇప్పటికి మూడుసార్లు తప్పింది. "కత్తెర పట్టిన చేతికి చక్రం ఏమిటో కొత్తగా ఉంటుంది మాస్టారూ" అంటుంది తప్పిన ప్రతిసారీ. ఆమె హ్యాండ్ బ్రేకు లాగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుని ఉండగా, వెనక నుంచి బూడిదరంగు కారొకటి వచ్చి గుద్దింది. డిక్కీ లోపలికి నొక్కుకుపోయింది. లోపల ఎవరికీ గీత కూడా పడలేదు.

గుద్దుకున్నాక ఏం చెయ్యాలి అన్నది నాన్న పాఠాల్లో చివరిది. దాన్ని ఆయన ఎప్పుడూ మా బల్ల మీదే చెప్పేవాడు, రెండు అగ్గిపెట్టెలు ఒకదాని వెనక ఒకటి పెట్టి. కంగారు పడకూడదు. అరవకూడదు. హెచ్చరిక దీపాలు వెయ్యాలి. త్రికోణం బోర్డు కొలిచిన దూరంలో పెట్టాలి. అన్నివైపుల నుంచీ ఫొటోలు తియ్యాలి. అవతలివాళ్ళ పేరు, చిరునామా, బీమా నంబరు రాసుకుని, మనవి వాళ్ళకివ్వాలి. అప్పుడే బళ్ళు కదపాలి. ఇరవై ఆరేళ్ళు అగ్గిపెట్టెలతో చెప్పిన పాఠానికి ఆ రోజు నిజం కార్లు దొరికాయి. నాన్న టైలరమ్మను కిందికి దింపి, అన్నీ ఆమె చేతే చేయించాడు. త్రికోణం ఆమె చేత పెట్టించాడు. సరిగ్గా పెట్టలేదని తీయించి మళ్ళీ పెట్టించాడు. వెనక కారులోంచి పెద్దాయన ఒకాయన దిగి, అడిగినవన్నీ ఇచ్చి, మాట్లాడకుండా నిలబడ్డాడట. టైలరమ్మ ఆ కథ తన కొట్టుకు వచ్చినవాళ్ళందరికీ కొలతలు తీసుకుంటూ చెప్పింది. "ఇంకొకడైతే కాలరు పట్టుకునేవాడు. మా మాస్టారు నిలబడి పాఠం చెప్పాడమ్మా!"

ఫైలు నేను తయారుచేశాను. పదకొండు ఫొటోలు వరసగా అతికించి, ఒక్కొక్కదాని కింద ఏ వైపు నుంచి తీసిందో, ఫోనులో పడిన సమయమేమిటో రాశాను. డిక్కీ చూడటానికి వచ్చిన బీమా సర్వేయరు పేజీలు తిప్పి, "ఇంత శుభ్రమైన ఫైలు నేను చూడలేదు," అన్నాడు. అది విని నాన్న నా వంక చూసిన చూపు నేను మరిచిపోలేదు.

ఆ శుభ్రమైన ఫైలు ఏడు నెలలుగా తేలలేదు.

*

మర్నాడు సెలవు పెట్టి బీమా ఆఫీసుకు వెళ్ళాను. కౌంటరు వెనక కూర్చున్నాయన మంచివాడే. నన్ను చూడగానే కంప్యూటరు తెర నావైపు తిప్పాడు.

"క్లెయిమ్ ఇంకా తేలలేదమ్మా. తేలేదాకా అది మీ లెక్కలోనే ఉంటుంది. అందుకే పెరిగింది."

"ఆగి ఉన్న బండిని వెనక నుంచి గుద్దారండి. తప్పు మాదెలా అవుతుంది?"

"కాదనే నేనూ అంటున్నా. ఇది అనట్లేదు," అని తెర మీద వేలితో కొట్టాడు. "నడిపింది నేర్చుకునే మనిషి. బండి వెనక్కి జారిందేమో, పచ్చదీపం పడ్డాక కదిలినట్టే కదిలి టక్కున ఆగిందేమో అని మా పైవాళ్ళ అనుమానం. ఆగే ఉందని అవతలాయన ఒక్క ముక్క రాసిస్తే అయిపోయేది. రెండు ఉత్తరాలు రాశాం. ఉలుకూ లేదు, పలుకూ లేదు."

"ఇప్పుడు రాసిస్తే?"

"ఇప్పుడు రాసినా చాలు. మీ ఫైల్లో జరిగిందంతా సమయాలతో సహా ఒక పేజీ ఉంది చూడండి, దాని కింద సంతకం పెట్టినా చాలు. పాత రేటే పడుతుంది, డిక్కీ ఖర్చూ వస్తుంది. లేదంటే ఈ రేటు కట్టాలి." గొంతు తగ్గించి అన్నాడు. "పాఠాలు మానేసి, ఆ రెండో పెడల్స్ తీయించి, సొంత వాడకం బండిగా మార్చుకుంటే బాగా తగ్గుతుంది. కానీ అది మీకు కుదరదుగా."

కుదరదు. ఆ బండి ఆగితే ఇంట్లో నా జీతమొక్కటే మిగులుతుంది. అంతకన్నా ముందు, నాన్న పొద్దున్నే లేచి ఏం చేస్తాడో నా ఊహకు అందలేదు.

ఇంటికొచ్చి చెప్పాను. నాన్న ఇష్టపడలేదు. "పెద్దాయన. ఇంటికెళ్ళి నిలదీసినట్టుంటుంది."

"నిలదియ్యొద్దు, కూర్చునే అడుగు," అంది అమ్మ. "గుద్దినవాడు హాయిగా ఇంట్లో కూర్చున్నాడు, గుద్దించుకున్నవాడికి మొహమాటం! నీలాంటివాణ్ణి చూసే మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్నారు."

"ఆయనకేం ఇబ్బందో."

"ఉత్తరానికి జవాబు రాయడానికి ఇబ్బందేంటి? పెన్ను బరువా?"

నాకూ ఆ పెద్దాయన మీద కోపంగానే ఉంది. ఏడు నెలల్లో ఆయన గురించి నేను తయారుచేసుకున్న మనిషి ఒకడున్నాడు. తప్పు చేసి, నోరు మూసుకుని, అవతలివాడి కష్టం తనది కాదనుకునేవాడు. వాడితో ఏం మాట్లాడాలో కూడా వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. ఆదివారం ఉదయం ఫైలు సంచిలో పెట్టుకుని, నాన్నను బయల్దేరదీశాను.

*

ఆ ఇల్లు మూడో అంతస్తులో ఉంది. తలుపు తీసింది నలభై ఏళ్ళ ఆవిడ. చేతికి సబ్బు నురగ ఉంది. ఎవరు కావాలని ఆవిడ అడిగేలోపు వెనక గదిలోంచి పెద్దాయన వచ్చాడు. నాన్నను చూశాడు. ఆయన మొహంలో రంగు పోవడం నేను కళ్ళారా చూశాను.

"మా పాత స్నేహితుడమ్మా," అన్నాడు కూతురితో, మేం నోరు తెరవకముందే. "పార్కులో నడకప్పుడు కలిసేవాళ్ళం."

నేను నాన్న వంక చూశాను. నాన్న పెద్దాయన వంక చూస్తున్నాడు. నేర్చుకునేవాళ్ళు మలుపు దగ్గర చక్రం ఎటు తిప్పుతారోనని చూసే చూపు అది.

"అవునమ్మా," అన్నాడు నాన్న. "చాలా రోజులైంది, చూసిపోదామని వచ్చాం. ఇది మా అమ్మాయి."

కూతురు సంతోషపడింది. మమ్మల్ని కూర్చోబెట్టి, కుర్చీ మీదున్న ఉతికిన బట్టల కుప్ప తీసి పక్కన పెట్టింది. గోడ మీద ఒక స్త్రీ ఫొటో ఉంది. నవ్వబోయి ఆగినట్టు ఉంది ఆ మొహం.

"అమ్మ పోయాక నాన్న స్నేహితులెవరూ రావడం లేదండి. ఈయనే ఎవర్నీ రానివ్వట్లేదేమో కూడా," అంది. "మీకు తెలుసా అమ్మ సంగతి?"

"తెలియదమ్మా," అన్నాడు నాన్న.

"ఏడు నెలలైంది. పొద్దున్నే గుండెల్లో బరువుగా ఉందంది. నాన్న నాకు ఫోన్ చేసి, ఆస్పత్రికి తీసుకెళ్తున్నానన్నాడు. ఇక్కణ్ణుంచి పావుగంట దారి. ఆ రోజు ట్రాఫిక్కట. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే అన్నారు డాక్టర్లు." ఆవిడ తారీఖు కూడా చెప్పింది. అది చెప్పాల్సిన అవసరం లేదు. కానీ చావు గురించి మాట్లాడేవాళ్ళకు తారీఖు దానంతటదే నోటికి వస్తుంది.

ఆ తారీఖు నా ఒళ్ళో ఉన్న ఫైలు అట్ట మీద, నా చేతిరాతతో, ఎర్ర సిరాతో ఉంది. నేను సంచిని దాని మీదికి లాగాను.

"టీ పెడతాను," అని ఆవిడ లోపలికి వెళ్ళింది.

వంటింట్లో కుళాయి తిప్పిన చప్పుడు వినబడే దాకా పెద్దాయన మాట్లాడలేదు.

"ఉత్తరాలు వచ్చాయండి," అన్నాడు తలెత్తకుండా. "రెండూ చించేశాను. అమ్మాయి చూస్తుందేమోనని. దానికి గుద్దుకున్న సంగతి తెలియదు. ట్రాఫిక్కనే చెప్పాను."

నాన్న కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు.

"మా ఆవిడ వెనక సీట్లో ఉంది. నేను వెనక్కి తిరిగి ఎలా ఉందని అడిగాను. అడిగి ఇటు తిరిగేసరికే మీ బండి. దిగాక మీతో చెప్పాలనే అనుకున్నాను. మీరు పుస్తకం తీశారు. తప్పు చేసినవాణ్ణి కదా, నోరు పెగల్లేదు. మీరు ఇంకొక్క నిమిషమండి, ఇంకొక్క నిమిషమండి అన్నారు. ఆ నిమిషం అయిపోతే వెళ్ళిపోవచ్చులే అనుకున్నాను." ఆయన చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. గోళ్ళు పొడుగ్గా పెరిగి ఉన్నాయి. "ఎంతసేపు ఆగామండి అక్కడ? ఎంత గుర్తు తెచ్చుకుందామన్నా రావట్లేదు. ఒక్కోసారి గంట అనిపిస్తుంది. ఒక్కోసారి అసలు ఆగనే లేదనిపిస్తుంది."

"ఐదు నిమిషాలు," అన్నాడు నాన్న.

"ఐదేనా?"

"ఐదు కూడా ఉండదండి. గబగబా అయిపోయింది. మీరప్పటికి బయల్దేరి వెళ్ళిపోయారు."

పెద్దాయన నావైపు తిరిగాడు. "నువ్వు రాసుకుని ఉంటావు కదమ్మా? ఇలాంటివన్నీ బీమా కోసం రాసుకుంటారుగా?"

మొదటి ఫొటో కింద తొమ్మిదీ పన్నెండు అని రాసి ఉంది. పదకొండో ఫొటో కింద తొమ్మిదీ ముప్పై ఒకటి. లెక్కలు రాసే ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నేను ఒక్క అంకె కూడా మార్చలేదు. అది నా గొప్ప అనుకునేదాన్ని.

"అవునండి," అన్నాను. "ఐదే."

ఆయన తల ఊపాడు. నమ్మాడో, నమ్మాలనుకున్నాడో చెప్పలేను. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకోవడం మరిచిపోయి చేతిలోనే ఉంచుకున్నాడు.

టీ వచ్చింది. తాగాం. కూతురు వాళ్ళమ్మ కుట్టిన దిండు గలేబులు చూపించింది. నాన్న వాటిని వెలుగులోకి తిప్పి చూసి, కుట్టు బాగుందన్నాడు. లేచేటప్పుడు గుమ్మం దాకా వచ్చిన పెద్దాయన, కూతురు వినకుండా నాన్న చెయ్యి పట్టుకున్నాడు.

"ఏదో కాగితం తెచ్చి ఉంటారు. ఇవ్వండి, పెడతాను సంతకం. మిమ్మల్ని ఇన్నాళ్ళు ఇబ్బంది పెట్టాను."

ఆ కాగితం మీద పై నుంచి కింది దాకా సమయాలే ఉన్నాయి.

"కాగితమేం లేదండి," అన్నాడు నాన్న. "చూసిపోదామనే వచ్చాం."

*

కిందికి వచ్చాక నాన్న తాళాలు నా చేతికిచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. నాకు నడపడం నేర్పింది ఆయనే. దారి పొడవునా ఒక్కసారి కూడా అద్దం చూసుకోమనలేదు, గేరు మార్చమనలేదు. పచ్చదీపం పడినా నేను కదలకపోతే వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. 

ఇల్లు ఇంకో రెండు వీధులుందనగా అన్నాడు: "ఆవిడ అద్దానికి తల ఆనించి ఉంది. నేను చూశాను."

"నాన్నా—"

"నిద్రపోతోందనుకున్నా. టైలరమ్మ చేతులు వణుకుతుంటే, 'చూడు ఆవిడ ఎంత నిమ్మళంగా కూర్చుందో, నీకేంటి వణుకు' అన్నా. ఆవిణ్ణి చూపించి అన్నా."

"నీకెలా తెలుస్తుంది నాన్నా? ఆయన చెప్పలేదుగా."

"చెప్పేవాడైతే నేనెందుకు? భయపడ్డవాడు ఏదీ చెప్పడు. వాడి మొహం చూసి నేనే తెలుసుకోవాలి. ఇరవై ఆరేళ్ళుగా నేను తింటున్న తిండి అదే."

ఇంటికెళ్ళాక నేను గదిలో కూర్చుని ఫైలు తెరిచాను. ఆరో ఫొటో. దాని కింద నేను 'వెనుక వాహనం, ఎడమ పక్క' అని రాశాను. వెనక తలుపు అద్దం లోపల, వెలుగు పడి సగం చెరిగిపోయి, జుట్టూ ఒక చెవీ కనిపిస్తున్నాయి. ఆ ఫొటోను నేను కత్తిరించి, అంచులు సరిచేసి, జిగురు రాసి అతికించాను. చుట్టూ స్కేలు పెట్టి గీత గీశాను. డెంటు తప్ప నేను అందులో ఇంకేమీ చూడలేదు.

అమ్మకు నాన్నే చెప్పాడు. వింటున్నంతసేపూ అమ్మ కూర కలుపుతూనే ఉంది. చివరికి స్టవ్ ఆపి, "వాళ్ళమ్మాయి ఒక్కతేనా?" అని అడిగింది. అంతకు మించి ఆ విషయం మీద మాట్లాడలేదు. అమ్మ నోరు మూసుకోవడం ఎంత అరుదంటే, ఇంట్లో ఎవరో లేనట్టనిపించింది.

నేను నాకు వచ్చిన పద్ధతిలో ఆలోచించాను. ఒక కాగితం మీద లెక్కలు వేసుకుని నాన్న దగ్గరికి వెళ్ళాను. "ఆ రేటే కట్టేద్దాం నాన్నా. మా ఆఫీసులో అప్పు ఇస్తారు. ఏడాదిలో తీరిపోతుంది. పాఠాలు ఆగవు."

"డబ్బు గురించి కాదే."

"మరి?"

"కడతావు. సోమవారం ఒకరు వచ్చి కూర్చుంటారు. చివరి పాఠం రోజు వస్తుంది. అగ్గిపెట్టెలు పెట్టి కంగారు పడకూడదని చెప్పాలి."

"ఆ పాఠం ఒక్కటీ మానెయ్."

"ఆ ఒక్కటీ మానేసేవాణ్ణి మాస్టారంటారా?"

 డిగ్రీలో అలాంటి ప్రశ్న రాలేదు. ఆయన నా చేతిలోని లెక్కల కాగితం తీసుకుని మడిచి అన్నాడు: "ఇంకోటి. ఆ ఫైలు తేలకపోతే మూడో ఉత్తరం వెళ్తుంది. అది వాళ్ళమ్మాయి చేతిలో పడుతుంది."

*

బుధవారం మెకానిక్కు షెడ్డులో పెడల్స్ తీయించాం. మెకానిక్కు వాటిని పెట్టిన మనిషే. కారు కింద పడుకుని, తుప్పు పట్టిన బోల్టును తిట్టుకుంటూ అరగంట కష్టపడ్డాడు. "పెట్టినప్పుడు ఇంత ఏడిపించలేదు మాస్టారూ ఇవి," అన్నాడు. తీశాక ఇనప ముక్కలు గుడ్డలో చుట్టి ఇవ్వబోతే నాన్న వద్దన్నాడు. పెడల్స్ లేవని మెకానిక్కు రాసిచ్చిన చీటీ నేను తీసుకున్నాను.

గురువారం ఇద్దరం బీమా ఆఫీసుకు వెళ్ళాం. కౌంటరాయన చీటీ చదివి, నాన్నను చూసి, కుర్చీలోంచి కొంచెం లేచాడు.

"అదేంటి మాస్టారూ? ఆయన రాయనన్నాడా?"

"నేనే అడగలేదు. క్లెయిమ్ వద్దని రాసిస్తాం. ఆయనకు ఇంక ఉత్తరాలు వెళ్ళకూడదు."

"వద్దనుకుంటే ఈ ఫారం. కానీ ఇందులో తప్పు ఎవరిదన్న గడి పూర్తిచెయ్యాలి. ఖాళీ వదలడం కుదరదు. అదొక్కటి ఆలోచించండి. ఇరవై ఆరేళ్ళ రికార్డు పోతుంది. మళ్ళీ పాఠాలు చెప్పాలనుకున్నా పర్మిషన్‌కి అడ్డం పడుతుంది."

"రాయవే," అన్నాడు నాన్న నాతో.

పెన్ను పట్టుకున్నాను. "ఏమని రాయను?"

"నాది అని రాయి."

"నాన్నా, గుద్దింది ఆయన కదా. ఈ గడిలో అడిగేది గుద్దిన తప్పు గురించే—"

"అడిగింది ఏదైనా కానీ. నాది అని రాయి."

రాశాను. నాన్న సంతకం పెట్టాడు. ఆయన సంతకం మూడే అక్షరాలు, ఒక్కోటీ విడివిడిగా, బరువుగా ఉంటాయి. కౌంటరాయన కొత్త లెక్క వేశాడు. సొంత వాడకం రేటు, దాని మీద తప్పుకు పడిన భారం. అన్నీ కలిపితే పోయిన ఏడాది కట్టినంతే అయింది. కట్టి, రసీదు తీసుకున్నాను. 'క్లెయిములు' అన్న చోట ఇప్పుడు ఒక అంకె ఉంది. నాన్న చదవమనలేదు. నేనూ చదవలేదు.

*

అప్పటికి నాన్న దగ్గర ఆరుగురు నేర్చుకుంటున్నారు. ఊరవతల ఇంకో మాస్టారున్నాడు. ఇన్నేళ్ళూ ఇద్దరికీ పడేది కాదు. శుక్రవారం నాన్నే ఆయనకు ఫోన్ చేసి, ఆరుగురినీ అప్పగించాడు. ఒక్కొక్కరి గురించీ చెప్పాడు. ఒకరికి ఎడమ అద్దం గుర్తుండదు. ఒకరు పొగిడితే తప్పులు చేస్తారు. బ్యాంకు అబ్బాయికి రివర్సు అంటే చెమటలు, ముందు ఖాళీ స్థలంలో చేయించు. అవతలాయన ఎందుకు మానేస్తున్నావని అడిగినట్టున్నాడు. "కాలు మునుపటిలా లేదు," అన్నాడు నాన్న.

ఐదుగురు ఫోనులోనే సరేనన్నారు. టైలరమ్మ మాత్రం మధ్యాహ్నం కొట్టు మూసి, కొలతల టేపు మెడలోనే ఉండగా మా ఇంటికొచ్చింది.

"నన్ను ఇంకొకడికి అప్పజెబుతారా? నేనేమన్నా కుట్టు మిషనా, అమ్ముకోవడానికి?" అంది గుమ్మంలోనే. "మూడుసార్లు తప్పానని విసుగొచ్చిందని చెప్పండి, ఒప్పుకుంటా. కాలు నొప్పి అని అబద్ధాలెందుకు?"

"కూర్చో," అన్నాడు నాన్న.

"కూర్చోను. వదినా, మీరైనా చెప్పండి," అంది అమ్మతో. "ఈయన దగ్గర తప్ప నేను నేర్చుకోను. ఆ రోజు గుద్దుకున్నప్పుడు చూడాల్సింది మీరు. నేను గడగడా వణికిపోతున్నా. ఈయనేమో గడియారం ఆపేసినట్టు నిలబడి, ఒక్కొక్కటీ వివరంగా... నా జన్మలో అలాంటి పాఠం వినలేదు. రేపు రోడ్డు మీద నాకేం జరిగినా అదే చేస్తా. అక్షరం పొల్లు పోకుండా అదే చేస్తా."

అమ్మ చేతిలో గ్లాసు నీళ్ళు అలాగే ఉన్నాయి. నాన్న నావైపు చూడలేదు, అమ్మవైపు చూడలేదు.

"అలా చెయ్యొద్దు," అన్నాడు.

"ఏం?"

"ఆ పాఠంలో ఒకటి చెప్పలేదు నీకు. పుస్తకం ఉందా?"

ఆవిడ సంచిలోంచి కొలతల పుస్తకం తీసింది. ఎవరివో భుజం, చేతి పొడుగు రాసున్న పేజీలో కింద కాస్త చోటు వెతుక్కుని, పెన్సిలు నాలిక మీద తడిపింది.

"గుద్దుకున్నాక," అన్నాడు నాన్న, ఒక్కో మాటా ఆమె రాసుకునేంత నెమ్మదిగా, "దిగగానే అవతలి బండి దగ్గరికెళ్ళు. వెనక తలుపు తెరువు. లోపల ఎవరున్నారో చూడు. వాళ్ళతో మాట్లాడు. జవాబు చెప్పేదాకా ఆగు. దీపాలు, త్రికోణం, ఫొటోలు అన్నీ దాని తర్వాతే. జవాబు రాకపోతే అవేవీ వద్దు, వాళ్ళను పోనీ. నువ్వే దారి ఇప్పించి పోనీ."

ఆవిడ రాసింది. రాసినదాన్ని పెదాలు కదుపుతూ చదువుకుంది. తర్వాత తలెత్తింది.

"ఆ రోజు మనం అలా చూడలేదుగా మాస్టారూ?"

"చూడలేదు," అన్నాడు నాన్న.

ఆవిడ ఇంకేదో అడగబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. అప్పుడు నాన్న, సోమవారం ఏడింటికల్లా ఆ కొత్త మాస్టారు నీ కొట్టు ముందు ఉంటాడు, ఆయన్ని ఆలస్యం చెయ్యకు అని చెప్పాడు.